ఇంటి ముచ్చటలు: పండుగ నాలుగు నాళ్లు, రెండాటల సందడి



ధనుర్మాసము కడకు వచ్చినది. తెల్లవారుజామున హరిదాసు చిడతల చప్పుడుతో మేల్కొని, ముంగిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలకు బంతిపూలు వెదకుకొనుటతోనే ప్రొద్దెక్కుచున్నది. అరిసెలకు బియ్యము నానబోయుట, జంతికలకు పిండి పట్టించుట, ఆడబిడ్డలకు అల్లుండ్రకు క్రొత్తబట్టలు తెచ్చుట మొదలగు పనులు మనకు ఊపిరి సలుపనీయవు. ఇట్టి సమయమున ఆటల ప్రసంగమేల యని మీలో కొందరు నవ్వవచ్చును. కాని ఆటయు ఇంటి సంగతియే. ఆడువారు మన బిడ్డలు, చూచువారు మనవారు, పందెమున పోవునది మన యింటి సొమ్ము, ఆట ముగిసిన పిమ్మట మోకాళ్లకు పసుపు రాయువారము మనము. కావున ఈ మాసము ఆ ముచ్చటయే చెప్ప దలచితిమి.

మా గుట్టు ముందుగానే విప్పుదుము. మాకు రెండాటలపై మిక్కిలి మక్కువ. ఒకటి చెడుగుడు, నేడు లోకమంతయు కబడ్డీ యని పిలుచుచున్నది. రెండవది బ్యాడ్మింటను. మొదటిది మట్టిలో పుట్టిన ఆట. రెండవది చెక్కనేలపై, దీపముల వెలుగున ఆడునది. ఈ రెంటిని ఒకేదినమున చూడగలిగిన భాగ్యము మాకొకమారు కలిగినది. 2023 అక్టోబరు 7వ తేది శనివారము. చైనాలోని హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడలు ముగింపునకు వచ్చినవి. ఉదయమున స్త్రీల కబడ్డీ తుదిపోరు. మన జట్టును చైనీస్ తైపీ జట్టును తలపడినవి. ఆ క్రీడలలోనే మొదట కలిసినపుడు ఈ రెండు జట్లును 34–34తో సరిసమానముగా నిలిచియుండెను. తుదిపోరున మన పడుచులు 26–25తో గెలిచిరి. ఒక్క పాయింటు! ఆ పతకముతో ఆ క్రీడలలో భారతదేశము గెలిచిన పతకములు 100కు చేరినవి. నూరవ పతకమును తెచ్చినది ఆడువారి చెడుగుడు జట్టని తలచుకొన్నప్పుడెల్ల మాకు ఒడలు పులకరించును.

అంతటితో ముగియలేదు. ఆ దినముననే మన అమలాపురపు బిడ్డ సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డియు, బొంబాయి యువకుడు చిరాగ్ శెట్టియు కలిసి కొరియా జంటను 21–18, 21–16తో ఓడించి జంటల పోటీలో బంగారు పతకము గెలిచిరి. ఆసియా క్రీడల బ్యాడ్మింటనులో మన దేశమునకు అదియే మొదటి బంగారు పతకము. ఆనాడు మా వంటింట పప్పు అడుగంటినది. చారులో ఉప్పు రెండుమారులు పడినది. ఇంటివారు తినిరే కాని ఒక్కమాట అనలేదు. వారును దూరదర్శిని ముందే కూర్చుండిరి కదా!

ఇక రాబోవు నాలుగు నాళ్ల సంగతి. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. ఈ నాలుగు దినములలో గోదావరి సీమలో జరుగునన్ని పందెములు తక్కిన సంవత్సరమంతయు జరుగవు. బడి ఆవరణములలో కబడ్డీ గీతలు, వాలీబాలు వలలు వెలయును. కాలువలపై పడవ పందెములును ఇటీవల తలయెత్తినవి; 2025 జనవరిలో ఆత్రేయపురము కడ కాటన్ దొర పేర పడవ పందెములు జరిగినవి. ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి నిలిపి ఈ డెల్టాకు అన్నము పెట్టిన దొర పేర, ఆయన త్రవ్వించిన కాలువల సీమలో పడవలు పరుగెత్తుట సముచితముగనే యున్నది. ఆ ఊరి పూతరేకుల సంగతి మీకు మేము చెప్పవలసినది లేదు.

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థము. ఏకాదశ రుద్రుల ప్రభలు చుట్టుప్రక్కల యూళ్లనుండి కదలి వచ్చును. గంగలకుర్రు ప్రభలను భుజములపై మోయుచు కౌశిక దాటించు దృశ్యమును చూచినవారు, అదియు ఒక గొప్ప దేహదారుఢ్య పరీక్షయేనని ఒప్పుకొందురు. అందఱి అడుగు ఒక్కటిగా పడినగాని ప్రభ నిలువదు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముగా నిలిచినది ఈ తీర్థమే.

కోడిపందెముల మాట యెత్తక తప్పదు. బరి యనగానే మన సీమలో ముందుగా తోచునది అదియే. జంతుహింసను నిషేధించిన 1960 నాటి చట్టమును, జూదమును నిషేధించిన 1974 నాటి మన రాష్ట్రపు చట్టమును ఉండగనే బరులు వెలయుచున్నవి. కోడి కాలికి కట్టిన కత్తి కోడిని మాత్రమే కోయదని ఇల్లు నడుపు స్త్రీకి తెలియును. పండుగ వెళ్లిన వారమున గాజుల జత తాకట్టునకు పోయిన యిండ్లను మేమెరుగుదుము. ఆ బరి చుట్టును మూగు జనములో నాలవవంతు మంది పిల్లల కబడ్డీ గీత చుట్టును నిలిచిన ఎంత బాగుండును! ఆ డబ్బులో నూరవవంతు వారికి మంచి చాపలకును బూట్లకును వెచ్చించిన ఎంత బాగుండును!

బ్యాడ్మింటను కూడ మన పండుగకు చుట్టమైనది. ఢిల్లీలో జరుగు ఇండియా ఓపెన్ పోటీ 2025లో జనవరి 14 నుండి 19 వరకును, 2026లో 13 నుండి 18 వరకును జరిగినది. 2022లో దాని తుదిపోరు జనవరి 16న వచ్చినది. అనగా సరిగా మన పండుగ సందడిలోనే. ఆనాడు సాత్విక్, చిరాగ్ కలిసి ఇండోనేషియాకు చెందిన ప్రఖ్యాత జంట అహసాన్, సెతియవాన్‌లను 21–16, 26–24తో గెలిచిరి. రెండవ గేము 26 వరకు సాగినప్పుడు మేము చేతిలోని గారెపిండి ముద్దను ఎంతసేపు అట్లే పట్టుకొని యుంటిమో మాకే తెలియదు. నాటినుండి జనవరి నడుమ ఢిల్లీ ఆటను చూచుట మాకు పండుగ ఆచారములలో నొకటియైనది.

ఈ ఆట ఎరుగని సోదరీమణులకు రెండు మాటలు. షటిల్ అనబడు ఈకల బంతికి 16 ఈకలుండును. బరువు సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు ఉప్పంత. అంత తేలికయైన దానిని మన అమలాపురపు యువకుడు 2023లో జపానులో గంటకు 565 కిలోమీటర్ల వేగమున కొట్టి గిన్నిస్ పుస్తకమునకెక్కెను. అంతకు ముందు పదేండ్లుగా నిలిచిన వేగము 493. జంటల ఆటలో బంతిని మాత్రమే చూడకుడు. ఇద్దరి నిలుకడను చూడుడు. దాడి చేయునప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనుక. కాచుకొనునప్పుడు ఇద్దరును ప్రక్కప్రక్కనే. వెనుకనుండి సాత్విక్ బలముగా కొట్టుచుండ, వలకడ చిరాగ్ కాచియుండి మిగిలిన పని ముగించుట తరచుగా కానవచ్చును. ఒకరు పొయ్యికడ, ఒకరు వడ్డనకడ నిలిచి, మాటలాడకయే పనిని అందిపుచ్చుకొను తోడికోడండ్రను చూచినవారికి ఈ నేర్పు సులభముగనే బోధపడును.

సాత్విక్ తండ్రి వ్యాయామోపాధ్యాయులు. ఇంటిలోనే ఆటకు ఆదరణ యుండుటచేత చిన్ననాడే బ్యాటు పట్టి, 2014లో హైదరాబాదున గోపీచంద్ శిక్షణాలయమున చేరెను. 2022లో మన పురుషుల జట్టు తొలిసారి థామస్ కప్పు గెలిచినప్పుడు అందులో అతడును కలడు. 2023లో ఈ జంట లోకమున మొదటి స్థానము నందుకొన్నది. ఈ విజయములను చూడ నోచుకొన్న ఆ తండ్రి 2025 ఫిబ్రవరిలో స్వర్గస్థులైరి. బిడ్డ ఆటకు ఇంటివారి అండ యెంతటిదో చెప్పుటకే ఈ సంగతి వ్రాసితిమి. ఇప్పుడు చెప్పబోవు దానికి ఇది అవసరము.

మా తమ్మునిగారి మనుమరాలు పదవ తరగతి చదువుచున్నది. వయస్సు పదునైదు. ఊరి ఆడపిల్లల చెడుగుడు జట్టులో కూతకు పోవువారిలో మొదటిది. కనుమనాటి సాయంకాలము బడి ఆవరణమున పొరుగూరి జట్టుతో పందెము. పిల్ల రెండు మాసములనుండి తెల్లవారుజామున లేచి కాలువగట్టున పరుగెత్తుచున్నది. అంతయు సిద్ధమైన పిమ్మట ఇంటిలో చిక్కు వచ్చినది. కనుమనాడే దూరపు చుట్టములు కొందరు వచ్చుచున్నారు. వారి యింట పెండ్లికి ఎదిగిన కుఱ్ఱవాడున్నాడు. ఇప్పుడే సంబంధ మనుట కాదు. "చూసి పోతారు" అనుట మాత్రమే. అట్టివారి కంట మట్టిలో దొర్లుచున్న పిల్ల పడరాదని ఇంటివారి భయము.

పిల్ల మాకడకు వచ్చినది. "మామ్మా, నువ్వు నాన్నతో చెప్పాలి. నీ మాటైతే కాదనరు" అన్నది. కండ్ల నీరు పెట్టుకొనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

మేమా వయస్సున ఉండగా మా బడిలోను ఒక జట్టుండెను. ఏడుగురిలో మేమొకరము. పొరుగూరికి పోవలసిన దినమున పేర్లు చదువగా మా పేరు లేదు. పెద్దమనిషియైన పిల్లను పదిమందిలోనికి పంపుట యేమని ఎవరో పెద్దలు చెప్పిరట. బడివారు మాతో ఒక్కమాటయైన చెప్పక కొట్టివేసిరి. ఆ బడి పేరు ఇప్పుడెందులకు? మేము పెరటిగోడ వెనుక నిలుచుండి బండి కదలిన చప్పుడు వింటిమి. మా జట్టు గెలిచెనో ఓడెనో ఆ రాత్రి మాకెవరును చెప్పలేదు. అడుగుటకు మాకు నోరు రాలేదు. ఇన్నేండ్ల తరువాతను, ఎవరైన కూతపెట్టి గీత దాటిన ఆ బండి చప్పుడు మా చెవిలో వినబడును.

అందుచేత పోయి మాటలాడితిమి. మా మరదలు అరుగుమీద కూర్చుండి చిక్కుడుకాయలు ఈనెలు తీయుచుండెను. "ఈడొచ్చిన పిల్ల మట్టిలో దొర్లడమేమిటి వదినగారూ! కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరికి జవాబు చెప్పం?" అన్నది. ఆమె మాటలో పిల్లపై ప్రేమయే కాని ద్వేషము లేదు. మేమును తగవులాడుటకు పోలేదు. "నీ భయము నిజమే అమ్మా. కాని కాలుజారి పడటానికి మన బావిగట్టు చాలదూ? అక్కడికి పంపడం మానేశామా?" అంటిమి. ఆమె నవ్వలేదు, చిక్కుడుకాయలు మాత్రము ఇంకొక గుప్పెడు తీసుకొనెను.

అప్పుడు మేము చుట్టముల మాట యెత్తితిమి. నేడు చెడుగుడు ఆడు పిల్ల అనగా ఎట్టిదో చెప్పితిమి. పురుషులకు 1990లో ఆసియా క్రీడలలో చోటు దొరకిన ఈ ఆట, స్త్రీలకు దొరకుటకు 2010 దాక ఇరువది యేండ్లు పట్టినది. దొరకిన తోడనే 2010లోను, 2014లోను మన స్త్రీలు బంగారము గెలిచిరి. 2018లో జకార్తాలో ఇరాను చేతిలో 24–27తో ఓడిరి. ఆ ఇరాను పడుచులకు ఆట నేర్పినది నాసిక్‌కు చెందిన మన దేశపు స్త్రీయే, శైలజా జైన్. 2023లో బంగారము మరల మన యింటికి వచ్చినది. 2025 నవంబరులో ఢాకాలో చైనీస్ తైపీని 35–28తో గెలిచి మనవారు ప్రపంచ కప్పును నిలుపుకొనిరి. ఒలింపిక్సులో భారతదేశమునకు పతకము తెచ్చిన మొదటి స్త్రీ మన శ్రీకాకుళపు సీమ బిడ్డ కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో 240 కిలోల బరువెత్తినది. "ఇంటికి వచ్చే చుట్టాలు ఇలాంటి పిల్లను చూసి మెచ్చుకోకపోతే, ఆ సంబంధం మనకెందుకమ్మా?" అంటిమి. అప్పటికి మా మరదలు తలయెత్తి, "పసుపు డబ్బా మీరే పట్టుకెళ్లండి. నేను మాత్రం చూడ్డానికి రాను" అన్నది. ఆమెవైపు నుండి అది అంగీకారమే.

పిల్ల తండ్రి మాత్రము ఇంకను ఔననలేదు. "భోగినాడు చెపుతానత్తయ్యా" అన్నాడు. పిల్ల ఉదయమున పరుగెత్తుట మానలేదు. మేమును ఊరకుండలేదు. చుట్టములు వచ్చిన తోడనే ఆట సంగతి మేమే చెప్పి, వారినిగూడ బడి ఆవరణమునకు తోడ్కొని పోవుటకు నిశ్చయించితిమి. కనుమనాడు కాకియైన కదలదందురు. ఆ దినమున వారు తిరుగు ప్రయాణము కట్టలేరు కదా!

ఈ పండుగకు మీ పిల్లలును గీత దాటబోవుచున్నచో, మేము చూచి నేర్చుకొన్న కొన్ని సంగతులు వినుడు. గారెలు, అరిసెలు ఆట ముగిసిన పిమ్మట పెట్టుడు. ఆటకు రెండు గంటలకు ముందే తేలికయైన భోజనము ముగియవలెను. గోళ్లు పొట్టిగా కత్తిరింపుడు. గాజులు, చెవిదుద్దులు, మెడలోని గొలుసు ఇంట విప్పించుడు. జడ బిగించి అల్లి ముడివేయుడు. నేల గట్టిగా ఉన్నచో రాళ్లేరి, దున్నించి, ఇసుక కలిపించుమని ఊరి పెద్దల నడుగుడు. ఆ మాట అడుగుటకు తల్లులకంటె తగినవారు లేరు. నెలసరి దినములైనచో ఆడుటయో మానుటయో పిల్ల ఇష్టమునకే విడువుడు. పడినప్పుడు గాయమును మొదట మంచినీటితో శుభ్రముగా కడిగి, పిమ్మటనే పసుపు మాట తలపవలెను. కీలు వాచినచో లాగి సరిచేయక వైద్యునికడకు పోవలెను.

చూచువారికి ఒక మాట. చెడుగుడులో ప్రక్కకు ఏడుగురు. స్త్రీల ఆటస్థలము 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. కూతకు పోయిన పిల్ల 30 సెకనులలో, ఊపిరి తెగకుండ, ఎదుటివారిని తాకి తిరిగి మధ్యగీతకు రావలెను. మీరామె చేతులను చూడకుడు, పాదములను చూడుడు. వెనుకకు వచ్చు త్రోవ ఏ ప్రక్కనో ముందుగా పాదమే చెప్పును. ఎదుటి జట్టులో మూలల నిలిచిన ఇద్దరిని గమనింపుడు. మడమ పట్టువారు తరచు వారే. పట్టుబడిన పిల్ల నేలపైనుండి ఒక్క వ్రేలు గీతకు తాకించెనా, పట్టినవారందఱును పోయినట్లే. ఆ ఒక్క వ్రేలికొఱకే మేము లేచి నిలుచుందుము.

మా యింటి ఏర్పాటును చెప్పి ముగింతుము. కనుమనాడు మినుము తినవలెనను నియమము తప్పదు. కావున పప్పు ముందునాటి రాత్రియే నానబోయుదుము. తెల్లవారగనే రుబ్బుట మా తమ్మునిగారి వంతు. కొబ్బరికాయలు తురుముట మా మేనల్లుని వంతు. ఈ పంపకమును మేము ఇదివరకే చదివి వినిపించితిమి, ఎవరును కాదనలేదు. మధ్యాహ్నము మూడు గంటలకు పొయ్యి చల్లారవలెను. ఢిల్లీ ఆట ఉన్నదా, రాత్రి భోజనములు దూరదర్శిని ముందే. ఆ జంట బరిలోనికి దిగినచో మా పక్షపాతమును మేము దాచుకొనము. ఊరి పందెములో గెలుపెవరిదని అడిగెదరా? పొరుగూరి జట్టు బలమైనదే. వారి మూల కాచువారిద్దరు మిక్కిలి చురుకైనవారని విన్నాము. అయినను మా పిల్ల ఆ గీత దాటి కూతపెట్టుట కన్నులార చూచిన చాలును. ఓడినను మరల ఆడవచ్చును. పేరే చదువక పోయిన మరల ఆడుటకు దారియేది?

తండ్రి భోగినాడు ఏమనెనో, కనుమనాడేమాయెనో వచ్చు మాసమున తప్పక వ్రాయుదుము. ఈలోగా మీ యూరి ఆడపిల్లల పందెముల సంగతులు మాకు వ్రాయుడు. గెలిచిన జట్ల సంగతియే కాదు, ఓడిన జట్ల సంగతియు వ్రాయుడు. మీ యిండ్ల ధాన్యలక్ష్మి నిండుగా నిలుచుగాక. పండుగ శుభాకాంక్షలు.